యుయుత్సుడు ఇంటికొచ్చిన రాత్రి

తమ్ముడూ,

నీ ఉత్తరం అందింది. కర్ణుడి మీద నవల రాయాలని ఉందన్నావు. భారతం మాత్రం ఇంకా పూర్తిగా చదవలేదన్నావు. దాచకుండా చెప్పినందుకు సంతోషం. ముందు చదువు. చదివాక కూడా మనసు కర్ణుడి మీదే ఉంటే అతన్నే రాయి.

నీ వయసులో నేనూ కథ తెలుసు కదా అన్న ధీమాతోనే చదివాను. శల్యపర్వంలో దుర్యోధనుడు మడుగులో దాక్కున్నాక, గదాయుద్ధం ఎప్పుడొస్తుందా అని పేజీలు తిప్పేశాను. చాలా ఏళ్లకు వ్యాసభారతం మళ్లీ పట్టుకుంటే, అలా తిప్పేసిన పేజీల్లో యుయుత్సుడు కనిపించాడు. ధృతరాష్ట్రుడికి వైశ్య స్త్రీ వల్ల పుట్టిన కొడుకు. యుద్ధం మొదలయ్యే ముందు ధర్మరాజు పిలిస్తే అన్నదమ్ములందర్నీ వదిలి పాండవుల వైపు వచ్చేసినవాడు. 18వ రోజున కౌరవ శిబిరం చెదిరిపోయింది. అంతఃపుర స్త్రీలు ఏడుస్తూ హస్తినాపురం దారి పట్టారు. వాళ్లకు తోడు వెళతానని యుయుత్సుడు అడిగితే, ధర్మరాజు కౌగిలించుకుని పంపాడు. పొద్దు కుంకే వేళకి, గొంతు పూడుకుపోయి, కళ్లనిండా నీళ్లతో అతను ఊళ్లోకి వచ్చాడు. విదురుడు ఎదురై, ఈ రాత్రికి ఇక్కడే ఉండి రేపు ధర్మరాజు దగ్గరికి వెళ్లమన్నాడు. ఆ రాత్రి యుయుత్సుడు తన ఇంట్లోనే ఉన్నాడు.

ఆ రాత్రి మటుకు వ్యాసుడు అక్కడితో అతన్ని వదిలేశాడు. నేను వదల్లేకపోయాను. ఆ ఇంట్లో దీపం ఎవరు పెట్టారు? దారంతా వెంట వచ్చిన వదినలూ మరదళ్లూ అతని మొహంలోకి చూడగలిగారా? గాంధారి ఉన్న వైపు అతని అడుగు పడిందా? అదే రాత్రి అక్కడ శిబిరంలో నిద్రపోతున్నవాళ్లని అశ్వత్థామ చంపేశాడు. ఆడవాళ్లకు తోడు రాకపోతే యుయుత్సుడూ అక్కడే ఉండేవాడేమో. పుస్తకం మూసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. నా కథ ఒకటి అక్కడే పుట్టింది.

మనలాంటి వాళ్లకి చోటు దొరికేది ఇలాంటి దగ్గరే. కవి చెప్పినదాన్ని చెరపకు, చెప్పకుండా వదిలినదాంట్లోకి వెళ్లు. నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయాడు, తిక్కన విరాటపర్వం నుంచి 15 పర్వాలు రాశాడు, మధ్యలో మిగిలినదాన్ని ఎర్రన పూరించాడు. పూరించి, ఆ భాగాన్ని కూడా నన్నయ కృతిపతి రాజరాజనరేంద్రుడికే అంకితం చేశాడు. ఆ వినయం అంటే నాకు చాలా గౌరవం.

ఇక నీ కర్ణుడి సంగతి. సభలో ద్రౌపదిని అతను అన్న మాటలు తీసేసి మచ్చలేని వీరుడిగా చూపించాలని నీకు టెంప్టేషన్ వస్తుంది. వద్దు. ఆ మాటలు అన్నవాడూ, కవచకుండలాలు ఒలిచి ఇచ్చినవాడూ ఒక్కడే. ఆ రెండూ ఒకే గుండెలో ఎలా ఇమిడాయో నువ్వు వెతకాలి.

రోజూ కొంచెమే చదువు, వీలైతే పైకి చదువు. కవిత్రయం పద్యాలకి తాత్పర్యాలతో సంపుటాలు దొరుకుతాయి, టెన్షన్ పడకు. పక్కన ఒక నోట్‌బుక్ పెట్టుకుని, అందులో నీకు వచ్చిన ప్రశ్నలు మాత్రమే రాసుకో. శల్యపర్వం దాకా వచ్చాక నాకు మళ్లీ ఉత్తరం రాయి. నువ్వు ఏ పేజీ దగ్గర ఆగిపోయావో తెలుసుకోవాలని ఉంది.

ప్రేమతో,
మీ అన్నయ్య