టెక్ సందేహాలు: 1996 నాటి సుడిగాలి కొత్త డిస్క్‌లో ఎలా ఉంటుంది?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకే సినిమా గురించి. 1996 మేలో విడుదలైన హాలీవుడ్ సినిమా ‘ట్విస్టర్’ 2024 జులైలో 4కే డిస్క్‌గా (డీవీడీ కన్నా ఎన్నో రెట్లు వివరంగా బొమ్మ చూపే డిస్క్) మళ్లీ వచ్చింది. సుడిగాలుల వెంట పరుగెత్తే శాస్త్రవేత్తల కథ ఇది. మనవి తుఫాను అంటే ఏంటో తెలిసిన ఉత్తరాంధ్ర జిల్లాలు కాబట్టి ఈ సినిమా మీద ఇక్కడ ఇంత ఆసక్తి ఉండటం నాకు ఆశ్చర్యం అనిపించలేదు.

మా నాన్నగారు ఎప్పుడో కొన్న ‘ట్విస్టర్’ డీవీడీ ఇప్పటికీ పనిచేస్తోంది. ఈమధ్య 55 అంగుళాల 4కే టీవీ కొన్నాం. అందులో వేస్తే బొమ్మంతా మసక మసకగా ఉంది. కొత్త డిస్క్ కొనాలా, ఓటీటీలో చూస్తే సరిపోతుందా? (విజయనగరం)

ముందుగా, ఆ డీవీడీని పారేయకండి. అమెరికాలో 1997 మార్చిలో డీవీడీలు అమ్మకానికి వచ్చినప్పుడు మొట్టమొదటి వరసలో ఉన్న సినిమాల్లో ఇదొకటి. నాన్నగారి బీరువాలో ఉన్నది చిన్న చరిత్రే.

బొమ్మ మసకబారడంలో డిస్క్ తప్పు గానీ టీవీ తప్పు గానీ లేదు. మన దేశంలో అమ్మిన డీవీడీలో బొమ్మ 720 x 576 చుక్కలు, అంటే దాదాపు 4 లక్షలు. మీ టీవీలో ఉన్నవి 83 లక్షలు. ఒక్కో చుక్కను లాగి ఇరవై చుక్కల మీద పరవాల్సి వస్తోంది. పాత డబ్బా టీవీలో ఇదే డీవీడీ కళకళలాడింది, ఎందుకంటే అక్కడ లాగాల్సిన అవసరమే లేదు.

ఈ సినిమాను 35 ఎంఎం ఫిల్ముపై తీశారు. మంచి ఫిల్ము నెగెటివ్‌లో డీవీడీకి అందనంత వివరం దాగి ఉంటుంది. కొత్త డిస్క్ కోసం దాన్ని మళ్లీ స్కాన్ చేశారు కాబట్టి గోధుమ చేలు, జీపు మీద దుమ్ము, ముఖాల మీద చెమట ఇప్పుడు విడివిడిగా తెలుస్తాయి. సన్నటి ఇసుక రేణువుల్లా ఏదో కదులుతూ కూడా కనిపిస్తుంది. అది ఫిల్ముకు సహజంగా ఉండే గ్రెయిన్. లోపమనుకుని టీవీలో నాయిస్ రిడక్షన్ పెంచితే మనుషుల ముఖాలు మైనపు బొమ్మల్లా అయిపోతాయి. దాన్ని ఆఫ్‌లోనే ఉంచండి.

ఒక్క విషయంలో మాత్రం ఆశ తగ్గించుకోవాలి. ఇందులో సుడిగాలులను ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ సంస్థ కంప్యూటర్లో తయారు చేసింది. ఆ రోజుల్లో గ్రాఫిక్స్ షాట్లను సాధారణంగా 2కే (4కేలో నాలుగో వంతు చుక్కలు) దరిదాపుల్లో తయారు చేసి, తిరిగి ఫిల్ము మీదకు ఎక్కించేవారు. ఆ షాట్లను ఎంత బాగా స్కాన్ చేసినా అప్పుడు లేని వివరం ఇప్పుడు పుట్టుకురాదు. అందుకే మనుషులు మాట్లాడే షాట్ కన్నా సుడిగాలి షాట్ కాస్త మెత్తగా అనిపిస్తుంది. మీ టీవీ పాడైందని టెన్షన్ పడకండి.

ఇక ఓటీటీ సంగతి. వీడియోను కుదించేటప్పుడు, ముందు ఫ్రేమ్‌తో పోలిస్తే మారినదాన్ని మాత్రమే దాచుకుంటారు. కళింగపట్నం లైట్‌హౌస్‌ను ప్రశాంతమైన ఆకాశం ముందు నిలబెట్టి తీస్తే దాచాల్సింది దాదాపు ఏమీ ఉండదు. కెమెరాను అటు సముద్రం వైపు తిప్పితే ప్రతి నురగా, ప్రతి తుంపరా క్షణక్షణం మారిపోతాయి. దుమ్ము, వాన, ఎగిరే చెత్త, ఊగే చెట్లు: విపత్తు సినిమా అంటేనే ఇవన్నీ కలిసి ఉంటాయి, దానికి తోడు గ్రెయిన్. నెట్‌ఫ్లిక్స్ 4కే చూడటానికి 15 ఎంబీపీఎస్ (సెకనుకు ఎంత డేటా వస్తుందో చెప్పే లెక్క) నెట్ ఉంటే చాలంటుంది. 4కే డిస్క్ అయితే 128 ఎంబీపీఎస్ దాకా ఇవ్వగలదు. కుటుంబ కథా చిత్రంలో ఈ తేడా పెద్దగా తెలియదు. ఇలాంటి సినిమాలో మాత్రం ఓటీటీలో గాలి దుమారం రేగగానే బొమ్మ చిన్న చిన్న గడులుగా విరగడం గమనిస్తారు.

ఆకాశం కూడా అంతే. డీవీడీలో ఒక్కో రంగుకు 256 మెట్లు, హెచ్‌డీఆర్ (వెలుగు నీడల తేడాను ఎక్కువగా చూపే పద్ధతి) ఉన్న డిస్క్‌లో 1024 మెట్లు. మెట్లు తక్కువైతే, తుఫాను ముందు వచ్చే ఆ బూడిద, ఆకుపచ్చ కలిసిన మబ్బు చారలు చారలుగా కనిపిస్తుంది.

నా మాట: మంచి సౌండ్ సిస్టమ్ ఉండి, ఈ సినిమాను మళ్లీ మళ్లీ చూసే ఇల్లయితే డిస్క్ కొనండి. ఒక్కసారి చూసి వదిలేసేవాళ్లకు అంత ఖర్చు అక్కర్లేదు, ఓటీటీ చాలు.

నా దగ్గర పీఎస్5 (ప్లేస్టేషన్ 5 గేమ్ కన్సోల్) ఉంది. విదేశాల నుంచి తెప్పించిన డిస్క్ అందులో ఆడుతుందా? రీజియన్ సమస్య వస్తుందంటున్నారు. (రాజాం)

డిస్క్ డ్రైవ్ ఉన్న పీఎస్5 అయితే ఆడుతుంది. పీఎస్4, పీఎస్4 ప్రో మాత్రం 4కే డిస్కులను చదవలేవు. లాప్‌టాప్‌కు తగిలించే మామూలు డీవీడీ రైటర్‌తోనూ పని జరగదు.

రీజియన్ తాళం అంటే ఒక ప్రాంతంలో అమ్మిన డిస్క్ మరో ప్రాంతపు ప్లేయర్‌లో ఆడకుండా చేసే ఏర్పాటు. 4కే డిస్కులకు అది లేదు, ఎక్కడ కొన్నా ఆడతాయి. చిక్కు వచ్చేది అదే డబ్బాలో జతగా ఇచ్చే మామూలు బ్లూ-రేతో. దానికి రీజియన్ ఉంటుంది. అమెరికాది ఏ, మనది సీ. అదనపు విశేషాలన్నీ ఆ బ్లూ-రేలోనే పెట్టి, దానికి తాళం కూడా వేసి ఉంటే మీరు వాటిని చూడలేరు. కొనేముందు డబ్బా వెనక చదవండి. కస్టమ్స్ సుంకం పడితే ఎంతవుతుందో కూడా ముందే లెక్క వేసుకోండి.

డిస్క్ వేసినా రంగులు వెలిసినట్టుంటే టీవీలో హెచ్‌డీఎంఐ సెట్టింగ్ చూడండి. సోనీలో ఎన్‌హాన్స్‌డ్ ఫార్మాట్, ఎల్జీలో డీప్ కలర్, శామ్‌సంగ్‌లో ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్ అని ఉంటుంది. మీరు కేబుల్ పెట్టిన పోర్టుకు అది ఆన్ కావాలి.

ఖరీదైన టీవీ కొన్నా సినిమాలన్నీ సీరియల్లా కనిపిస్తున్నాయి. ఎందుకు? (బొబ్బిలి)

సినిమాలో సెకనుకు 24 ఫ్రేములే ఉంటాయి. మధ్యలో లేని ఫ్రేములను టీవీ సొంతంగా కల్పించి నింపుతోంది. ట్రూమోషన్, మోషన్‌ఫ్లో, ఆటో మోషన్ ప్లస్ అని కంపెనీకో పేరు. ఆఫ్ చేయండి. ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే అది పెట్టేయండి, మిగతా సర్దుబాట్లు చాలావరకు అదే చూసుకుంటుంది.

మాది సోంపేట. కొత్త సౌండ్‌బార్‌లో ఈ సినిమా పెట్టాం. గాలి శబ్దం మొదలవగానే అమ్మ లేచి లోపలికి వెళ్లిపోయింది. తిత్లీ తుఫాను గుర్తొచ్చిందంది. మాటలు వినపడాలని వాల్యూమ్ పెంచితే గాలి ఇల్లు అదరగొడుతోంది. ఏం చేయాలి?

మీ ఉత్తరం చదివాక కాసేపు ఇంకే పనీ చేయలేకపోయాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా ఇంట్లో తలుపు గడియకు తోడుగా రోకలి అడ్డం పెట్టుకుని కూర్చున్నాం. ఉద్దానంలో ఉన్నవాళ్లు విన్నదాంతో పోలిస్తే మేము విన్నది ఎంత! తెల్లారేసరికి కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమై కనిపించిన వాళ్లకు ఆ శబ్దం చెవిలో అలాగే ఉండిపోతుంది.

అమ్మగారిని ఇబ్బంది పెడుతున్నది చాలావరకు సబ్ ఊఫర్, అంటే బరువైన శబ్దాలిచ్చే స్పీకర్ డబ్బా. 5.1 సౌండ్‌లో (ఐదు మామూలు ఛానళ్లు, బరువైన శబ్దాలకు ఒకటి) ఆ చివరి ‘.1’ ఉన్నదే ఇలాంటి ఉరుముల కోసం. చెవి కన్నా ముందు ఛాతీకి తెలిసే శబ్దం అది. సౌండ్‌బార్ రిమోట్‌లో ఊఫర్ లెవెల్ విడిగా ఉంటుంది, బాగా తగ్గించేయండి. ఊఫర్ డబ్బా గది మూలన ఉంటే రెండు గోడలూ కలిసి మోతను ఇంకా పెంచుతాయి. మూల నుంచి ఇవతలకు జరపండి.

మాటలు వచ్చేది సెంటర్ ఛానల్ నుంచి. సెంటర్ లేదా వాయిస్ అనే సెట్టింగ్‌ను రెండు మూడు మెట్లు పెంచండి. తర్వాత నైట్ మోడ్ ఆన్ చేయండి. అది పెద్ద శబ్దాలను అణచి చిన్న శబ్దాలను పైకి లేపుతుంది, మాటల కోసం వాల్యూమ్ పెంచాల్సిన అవసరం ఉండదు. సౌండ్ ప్రియులు నైట్ మోడ్ వద్దంటారు. ఇంట్లో అమ్మ కూర్చుని చూడగలగడం అంతకన్నా ముఖ్యమని నేనంటాను.

అమ్మగారికి ఇంకో సంగతి చెప్పండి. ఆ సినిమాలో సుడిగాలి అరుపు కోసం సౌండ్ బృందం ఒంటె మూలుగును రికార్డు చేసి, వేగం తగ్గించి కలిపింది. అది నిజం గాలి కాదని, ఎవరో కూర్చుని తయారుచేసిన శబ్దమని తెలిస్తే కొంత తేలిక పడొచ్చు. అప్పటికీ వద్దంటే ఆ సినిమా ఆమె ఇంట్లో లేనప్పుడు చూడండి.

(పూర్తి నాణ్యతతో అట్మాస్, అంటే చుట్టూతా, పైనుంచీ వినిపించే డాల్బీ శబ్దం కావాలని ఇంకొందరు అడిగారు. డిస్క్‌లో అది ట్రూహెచ్‌డీ అనే రూపంలో ఉంటుంది. ఆ శబ్దం టీవీ మీదుగా సౌండ్‌బార్‌కు చేరాలంటే రెండింటికీ ఈఆర్క్ (టీవీ నుంచి హెచ్‌డీఎంఐ కేబుల్‌లో శబ్దాన్ని పంపే కొత్త పద్ధతి) ఉండాలి. మామూలు ఆర్క్ సరిపోదు.)

తిత్లీ మర్నాడు మా తోటలో తీసిన వీడియోలు పాత ఫోన్‌లో ఉన్నాయి. ఫోన్ బ్యాటరీ ఉబ్బింది. వాట్సాప్‌లో పంపుకుంటే చాలా? (వజ్రపుకొత్తూరు)

ఉబ్బిన బ్యాటరీతో ఇక ఛార్జింగ్ పెట్టవద్దు. నొక్కడం, పొడవడం అస్సలు వద్దు. రిపేరు చేసేవాళ్ల దగ్గరకు తీసుకెళ్లి బ్యాటరీ మార్పించండి, డేటా చెరపవద్దని గట్టిగా చెప్పండి. తర్వాత కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి ఫైళ్లను నేరుగా కాపీ చేసుకోండి. వాట్సాప్‌లో వీడియోగా పంపితే కుదించేస్తుంది. వాన, ఊగే చెట్లు ఉన్న వీడియో కుదింపులో ఎంత పాడవుతుందో పైన చెప్పాను. తప్పనిసరైతే డాక్యుమెంట్‌గా పంపండి.

ఒక కాపీ హార్డ్ డిస్క్‌లో, ఇంకోటి గూగుల్ ఫొటోస్ లాంటి చోట. అక్కడ ఒరిజినల్ క్వాలిటీ ఎంచుకోండి, స్టోరేజ్ సేవర్ వద్దు. పెన్‌డ్రైవ్‌లో వేసి బీరువాలో ఏళ్ల తరబడి పడేస్తే అది చదవకుండా పోవచ్చు, దాన్నొక్కదాన్నే నమ్ముకోకండి. ప్రతి ఫైలుకూ తేదీ, ఊరు, ఎవరి తోటో పేరుగా పెట్టండి. పడిపోయిన చెట్ల మధ్య ఏ గట్టు ఎవరిదో ఇప్పుడు మీకు తెలుసు, పదేళ్ల తర్వాత వీడియో చూసే మీ పిల్లలకు తెలియదు.