ఘంటసాల గారు టీవీ షో నడిపితే... తాతయ్య బర్త్‌డేకి వీడియో ఎలా?

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో మూడు పాత టీవీ గురించే. బ్యాటరీ, స్టోరేజీ ప్రశ్నలు పంపినవాళ్లు ఒక్క వారం ఓపిక పట్టండి, ఈసారి చోటంతా వీటికే.

ప్రశ్న: మా తాతయ్యకి వచ్చే నెల ఎనభై ఏళ్లు నిండుతున్నాయి. ఆయనకి ఘంటసాల అంటే ప్రాణం. ఘంటసాల గారే పాత దూరదర్శన్‌లో బ్లాక్ అండ్ వైట్ వెరైటీ షో నడిపిస్తున్నట్టు పదిహేను నిమిషాల వీడియో చేసి ఫంక్షన్ హాల్లో వేయాలని మా కజిన్స్ ప్లాన్. ముఖం, గొంతు రెండూ ఏఐతో చేసేయొచ్చని అంటున్నారు. ఏ యాప్ వాడాలి? చట్టపరంగా ఏమైనా ఇబ్బందా? 8 జీబీ ర్యామ్ లాప్‌టాప్, ఆండ్రాయిడ్ ఫోన్ ఉన్నాయి. (తెనాలి నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఐడియా అదిరింది. అయితే యాప్ సంగతి కంటే ముందు తేదీలు చూసుకుందాం. ఘంటసాల గారు 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో కన్నుమూశారు. మద్రాసు దూరదర్శన్ మొదలైంది 1975 ఆగస్టు 15న. హైదరాబాద్ కేంద్రం 1977 అక్టోబరు 23న. అంటే ఆయన ఉన్నన్నాళ్లూ తెలుగు ఇళ్లలోకి టీవీయే రాలేదు. మీరు చేయబోయేది అచ్చమైన ఊహ. ఒకందుకు ఇది మంచిదే, పక్కన పెట్టి పోల్చడానికి అసలు వీడియో అంటూ లేదు. కానీ అప్పటి టీవీలో బొమ్మ ఎలా కనిపించేదో మీ తాతయ్యకి బాగా తెలుసు. తొలిరోజుల్లో పక్కింటి వరండాలో కూర్చుని చూసిన తరం వాళ్లది. తేడా వస్తే ఇట్టే పట్టేస్తారు.

తేడా ఎక్కడ వస్తుందంటే, ‘పాత టీవీ ఎఫెక్ట్’ అని యాప్‌లలో దొరికేవాటిలో చాలావరకు పాత సినిమా ఎఫెక్టులు. నిలువు గీతలు, దుమ్ము చుక్కలు, గోధుమరంగు. గీతలు పడేది సినిమా రీలు మీద. స్టూడియోలో వీడియో కెమెరాతో తీసిన కార్యక్రమానికి గీతలెక్కడివి? బ్లాక్ అండ్ వైట్ సెట్టులో తెలుపు కూడా కాస్త నీలం వైపు మొగ్గి ఉండేది, గోధుమరంగు వైపు కాదు. కాబట్టి ‘వింటేజ్’ ఫిల్టర్ల జోలికి పోకండి. రంగు తీసేసి, చిటికెడు నీలం కలపండి. బొమ్మని అడ్డంగా మాత్రమే కొద్దిగా మసకబార్చండి. అనలాగ్ ప్రసారంలో పదును తగ్గేది ప్రధానంగా అడ్డం దిశలోనే.

రెండో సంగతి కదలిక. సినిమా సెకనుకి 24 ఫ్రేములు. మన టీవీ పాల్ పద్ధతి, అంటే 625 గీతలు, సెకనుకి 25 ఫ్రేములు. ఒక్కో ఫ్రేమునీ రెండు సగాలుగా, సెకనుకి 50 సగాలు పంపేవారు. చెయ్యి ఊపినా, తబలా వాయించినా టీవీలో కదలిక నున్నగా, ఇప్పుడే ఎదురుగా జరుగుతున్నట్టు ఉండేది అందుకే. ఫోన్‌లో 50 ఎఫ్‌పీఎస్ ఆప్షన్ ఉంటే దాంతోనే తీయండి, ప్రో మోడ్‌లో షట్టర్ 1/50 పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 30లో తీస్తే ట్యూబ్‌లైట్ కింద నల్లటి పట్టీలు పాకే ప్రమాదముంది, ఇలా చేస్తే ఆ బాధ కూడా తప్పుతుంది. అసలు పద్ధతి కదా అని చివరి ఫైల్‌ని ఇంటర్లేస్డ్‌గా మాత్రం సేవ్ చేయకండి. ఎల్‌ఈడీ తెర మీద చెయ్యి కదిలినప్పుడల్లా అంచులు దువ్వెన పళ్లలా చీలిపోతాయి. 50 ప్రోగ్రెసివ్, అంటే సగాలు కాకుండా పూర్తి ఫ్రేములు, చాలు.

ఇక సెట్టు. వెనక ఒక తెర, రెండు పూలకుండీలు, స్టాండుకి బిగించిన పెద్ద మైకు. చొక్కాకి తగిలించే బుల్లి మైకు కనిపించిందా, అయిపోయిందే. కెమెరా స్టాండు మీదే ఉండాలి. దూరం షాటు, నడుం దాకా షాటు, ముఖం షాటు, వీటి మధ్య నిదానంగా కట్‌లు. గింబల్, డ్రోన్, స్లో మోషన్ వద్దే వద్దు. తెల్ల బట్టలు అప్పటి ట్యూబ్ కెమెరాలకి పడేవి కావు, అంచుల దగ్గర వెలుగు చిమ్మేది. ఘంటసాల గారంటే మనకి తెల్ల పంచె, తెల్ల చొక్కాయే గుర్తొస్తాయి కాబట్టి ఆ చిమ్మే వెలుగుని కొంచెం ‘గ్లో’ పెట్టి తెప్పించండి. టైటిళ్లకి కంప్యూటర్ ఫాంటు వాడకండి. డ్రాయింగ్ షీటు మీద మీ ఇంట్లో చెయ్యి తిరిగినవాళ్లతో బ్రష్షుతో రాయించి, ఆ కార్డునే కెమెరాతో తీయండి. మధ్యలో ఒకసారి బొమ్మ పోయి ‘అంతరాయానికి చింతిస్తున్నాము’ అనే కార్డు ఓ పది సెకన్లు నిలబడితే హాల్లో పెద్దవాళ్లందరూ నవ్వుతారు, గ్యారంటీ.

ఎఫెక్టుల కోసం ఎన్‌టీఎస్‌సీ-ఆర్‌ఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. పేరు అమెరికా టీవీ పద్ధతిదే అయినా అనలాగ్ బొమ్మలో వచ్చే మసక, వణుకు బాగా తెప్పిస్తుంది. ఎడిటింగ్‌కి షాట్‌కట్ గానీ కేడెన్‌లైవ్ గానీ మీ 8 జీబీ మెషిన్‌లో నడుస్తాయి. సౌండ్ మోనో చేసి, మరీ లోతైనవీ మరీ కీచువీ తగ్గించండి, చెక్క పెట్టె స్పీకర్ గుణం వచ్చేస్తుంది. ఇంకొకటి, ఇది చాలామంది మర్చిపోయేది. పాత టీవీ బొమ్మ 4:3లో, అంటే వెడల్పు నాలుగు పాళ్లయితే ఎత్తు మూడు పాళ్లు ఉంటుంది కదా, ఫంక్షన్ హాల్ ఆపరేటర్ దాన్ని తెర నిండా సాగదీస్తాడు, గాయకుడి ముఖం అప్పడంలా వెడల్పవుతుంది. 1920×1080 ఫ్రేము మధ్యలో 1440×1080 బొమ్మ పెట్టి, రెండు పక్కలా నలుపుతో కలిపి ఎక్స్‌పోర్ట్ చేయండి. అప్పుడు ఆయన ఏ బటన్ నొక్కినా సాగదు.

ఇప్పుడు అసలు ప్రశ్న, ముఖం, గొంతు. చేయొచ్చా అంటే చేయొచ్చు. నా మాట వింటే చేయకండి. నీతులు చెప్పడానికి కాదు, ముందు పని పరంగానే చెబుతాను.

గొంతు బాగా క్లోన్ కావాలంటే వాద్యాలేమీ లేని శుభ్రమైన మాట కావాలి. ఘంటసాల గారి పాటలన్నీ వాద్యాలతో కలిపి ఒకే ట్రాక్‌లో ముద్రించినవి. డీమక్స్ లాంటి టూల్స్ గొంతుని విడదీస్తాయి కానీ వయొలిన్ తాలూకు మరక కొంత అంటుకునే ఉంటుంది. క్లోన్ దాన్ని కూడా గొంతు కిందే నేర్చుకుంటుంది. పైగా యాంకరింగ్‌కి కావాల్సింది పాడే గొంతు కాదు, మాట్లాడే గొంతు. అది మనకి ధారాళంగా దొరికేది ఎక్కడ? భగవద్గీత రికార్డులో, శ్లోకాలకి ఆయనే చదివిన తాత్పర్యంలో. ఆ గొంతుతో ట్రెయిన్ చేసిన క్లోన్ ‘తరువాతి అంశం మిమిక్రీ’ అన్నా విశ్వరూప సందర్శనమే వినిపిస్తుంది. ఇంకా పెద్ద చిక్కుంది. మన ఊళ్లలో ఆ గొంతు మైకులో వినపడితే జనం మొట్టమొదట అడిగేది ‘ఎవరు పోయారు?’ అని. ఎనభయ్యో పుట్టినరోజు నాడు, అదీ పెద్దాయన ఎదురుగా... మీరే ఆలోచించుకోండి.

పాటకి వాడే గొంతు మార్పిడి టూల్స్‌దీ ఇంకో కథ. మీ కజిన్ పాడితే ఆ టూల్ గొంతు రంగు మాత్రమే మారుస్తుంది. గమకం, పదం విరుపు, ఊపిరి తీసుకునే చోటు అన్నీ మీ కజిన్‌వే ఉంటాయి. ఘంటసాల పాటలు యాభై ఏళ్లుగా విన్న చెవికి అది మొదటి చరణంలోనే దొరికిపోతుంది.

నేనైతే ఏం చేస్తానంటే, మీ ఇంట్లో కాస్త పోలికలున్నవాళ్లకి వేషం కట్టిస్తాను. మొదటి కార్డు మీదే ‘ఘంటసాల పాత్రలో మీ పెద్ద మనవడు’ అని రాయిస్తాను. ఇది మనకి కొత్తేమీ కాదు. వరంగల్ మిమిక్రీ కళాకారుడు నేరెళ్ల వేణుమాధవ్ గారు ఎందరెందరి గొంతులనో వేదిక మీద పలికించారు. వింటున్న ప్రతి ఒక్కరికీ అది వేణుమాధవ్ అని తెలుసు, ఆ తెలియడంలోనే చప్పట్లు మోగేవి. క్లోన్‌లో ఆ సరదా ఉండదు, ఎవరూ పట్టుకోకపోవడమే దాని గొప్ప. మనవడు పంచె కట్టుకుని కనిపిస్తే మీ తాతయ్య ఎలా మురిసిపోతారో వేరే చెప్పాలా. పాటలు మాత్రం అసలు రికార్డులే వేయండి, మనవడు పెదవులు కలిపితే చాలు. మధ్యలో ఒక చిన్న బుర్రకథ ముక్క, పిల్లల డాన్సు, ఒక వాణిజ్య ప్రకటన పేరడీ. వెరైటీ షో అంటే అంతే కదా.

చట్టం సంగతి. 2024 జులైలో గాయకుడు అరిజిత్ సింగ్ కేసులో బాంబే హైకోర్టు, అనుమతి లేకుండా సెలబ్రిటీ గొంతుని ఏఐతో తయారుచేయడం వ్యక్తిత్వ హక్కుల ఉల్లంఘనే అంది. అదే ఏడాది ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారి గొంతుని ఏఐతో వాడారంటూ ఒక తెలుగు సినిమా బృందానికి ఆయన కుటుంబం లీగల్ నోటీసు పంపిన విషయం పేపర్లలో వచ్చింది. ఏఆర్ రెహమాన్ మాత్రం చనిపోయిన గాయకులు బంబా బాక్యా, షాహుల్ హమీద్ గొంతులు ఏఐతో ఒక తమిళ పాటకి వాడుకున్నప్పుడు వాళ్ల కుటుంబాల అనుమతి తీసుకుని పారితోషికం కూడా ఇచ్చామని ప్రకటించారు. ఇంటి ఫంక్షన్‌కి ఎవరూ కేసు పెట్టరని మీ కజిన్ అనొచ్చు. నిజమే కావచ్చు. కానీ ఆ వీడియో హాల్లోనే ఆగుతుందా? పెద్ద స్క్రీన్ మీద ఉన్నదాన్ని పది మంది ఫోన్లలో తీసి ఆ రాత్రికే స్టేటస్‌లో పెడతారు. వారం తిరిగేసరికి ‘ఘంటసాల అరుదైన టీవీ ఇంటర్వ్యూ’ అయి మీకే ఫార్వర్డ్ వస్తుంది.

యూట్యూబ్‌లో పెడితే పాటలకి కాపీరైట్ క్లెయిమ్ రావచ్చు, ‘అన్‌లిస్టెడ్’ అని పెట్టినా సరే. మన చట్టంలో రికార్డింగ్ మీద హక్కు విడుదలైన ఏడాది ముగిశాక 60 ఏళ్లు. బాణీ, సాహిత్యాల హక్కు వేరే లెక్క, స్వరపరిచినవారు, రాసినవారు పోయిన ఏడాది ముగిశాక 60 ఏళ్లు. ఘంటసాల గారు స్వరపరిచిన పాటలకి ఆ బాణీ హక్కు 2034 చివరిదాకా ఉంటుంది. కాబట్టి బంధువులకి డ్రైవ్ లింక్ పంపేయండి, గొడవ లేదు.

ప్రశ్న: 1980ల చివర్లో మా నాన్నగారు టీవీ నుంచి చిత్రలహరి, నాటకాలు వీహెచ్‌ఎస్ టేపుల్లో రికార్డు చేసుకున్నారు. ఆ టేపులు ఇప్పుడు నా దగ్గర డాలస్‌లో ఉన్నాయి. ఇక్కడ సెకండ్ హ్యాండ్‌లో కొన్న వీసీఆర్‌లో వేస్తే బొమ్మ పైకి కిందికి దొర్లుతోంది, రంగు రావట్లేదు. టేపులు పాడైపోయాయా? (డాలస్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: టేపులు బాగానే ఉండి ఉండొచ్చు. తప్పు వీసీఆర్‌ది. ఇండియాలో రికార్డయినవి పాల్, అమెరికా వీసీఆర్ ఎన్‌టీఎస్‌సీ, అంటే 525 గీతలు, సెకనుకి 30 ఫ్రేములకి కాస్త తక్కువ. లెక్క కుదరక బొమ్మ దొర్లుతోంది. ‘మల్టీ సిస్టమ్’ అని రాసి ఉన్న వీసీఆర్ వెతకండి. కొత్తవి తయారు కావడం లేదు, జపాన్‌కి చెందిన ఫునాయ్ 2016లో ఆపేసింది. పాతవాటిలోనే ఏరుకోవాలి. ఇండియాలో ఉన్న బంధువుల అటక మీద పాత పాల్ వీసీఆర్ దొరికినా సరే, కానీ అది మన 230 వోల్టులది, ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా అక్కడి ప్లగ్‌లో పెట్టకండి.

టేపు లోపలికి పంపేముందు కిటికీలోంచి చుట్టని చూడండి. అంచుల మీద తెల్లటి పొడి ఉంటే అది బూజు. అలాంటిది వేయొద్దు, వీసీఆర్ హెడ్‌కి అంటుకుని మిగతా టేపులకీ పాకుతుంది. దాన్ని శుభ్రం చేసే సర్వీసుకి ఇవ్వండి. బాగున్నవాటిని ముందు ఒకసారి చివరిదాకా తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పి, అప్పుడు ప్లే చేయండి.

కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి యూఎస్‌బీ క్యాప్చర్ పరికరం కావాలి, అది పాల్‌ని కూడా తీసుకుంటుందో లేదో చూసి కొనండి. ఓబీఎస్ స్టూడియోలో 720×576, 25 ఫ్రేములు సెట్ చేసి రికార్డ్ చేయండి. డీఇంటర్లేస్ చేసేటప్పుడు, అంటే సగాలుగా ఉన్న బొమ్మని పూర్తి ఫ్రేములుగా మార్చేటప్పుడు, 25కి బదులు 50 ఫ్రేములు వచ్చేలా పెట్టుకుంటే నాటకంలో కదలిక అసలు టీవీలో చూసినట్టే వస్తుంది. ఫైల్ పెద్దదైనా ఒక కాపీ అలాగే దాచండి. ఏఐ అప్‌స్కేలర్‌తో 4కే చేయాలని మనసు లాగుతుంది. చేసుకోండి, కానీ విడి కాపీ మీద. వీహెచ్‌ఎస్‌లో దూరం షాటులో ముఖమంటే నాలుగు మరకలు, అక్కడ లేని కళ్లని, పళ్లని అప్‌స్కేలర్ తనే అల్లేస్తుంది. మీరు గుర్తుపట్టే నటుడి స్థానంలో ఎవరో నున్నటి కుర్రాడు వచ్చి కూర్చుంటాడు.

ప్రశ్న: ఎస్పీ బాలు గారు పాత టీవీ షోలో మాట్లాడుతున్న వీడియో ఒకటి వాట్సాప్‌లో తిరుగుతోంది. నిజమైనదో కాదో ఎలా తెలుసుకోవాలి? (హనుమకొండ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ప, బ, మ పలికేటప్పుడు పెదవులు పూర్తిగా మూసుకోవాలి. వీడియోని సగం వేగంతో నడిపి ఈ మూడు అక్షరాల దగ్గర పెదవులు చూడండి, చవకబారు లిప్‌సింక్ ఇక్కడే దొరుకుతుంది. తర్వాత లోగో, కాలం సరిపోయాయో లేదో చూడండి. ఈటీవీ వచ్చింది 1995లో, ఆయన ‘పాడుతా తీయగా’ మొదలైంది 1996లో. ఆ లోగోతో బ్లాక్ అండ్ వైట్ షో కనిపిస్తే ఎవరో ఇంట్లో వండినదే. ఒక ఫ్రేముని స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో వెతికితే అసలు వీడియో బయటపడే అవకాశముంది. వాట్సాప్‌లో వచ్చిన ఫైల్ ‘డీటెయిల్స్’ చూసి తేదీ నమ్మకండి, ఆ సమాచారం మామూలుగా పంపేటప్పుడే చెరిగిపోతుంది.