గోవా రమ్ము, నల్లగండ్ల టెర్రస్: ఇంట్లో దావత్ ఇస్తే లైసెన్స్ కావాలా?

ప్రశ్న: మాది నల్లగండ్లలో అపార్ట్‌మెంట్. వచ్చే నెల మా పదో పెళ్లిరోజు. ముప్ఫై మందిని పిలిచి టెర్రస్ మీద దావత్ ఇద్దామనుకుంటున్నాం. ఎప్పుడూ ఉండే బీరూ విస్కీ కాకుండా రమ్ము, అనాస రసం, కొబ్బరి పాలు కలిపి పీనా కొలాడా నేనే చేద్దామని నా సరదా. మా తమ్ముడు గోవా నుంచి నాలుగు ఫుల్ బాటిళ్లు తెస్తానంటున్నాడు. తలా ఐదొందలు వేసుకుందామని మావారి ఫ్రెండ్స్ అంటున్నారు. ఇంట్లో మందు కలిపి పోయాలంటే లైసెన్స్ ఉండాలట, లేకపోతే పోలీసులకు ఫోన్ చేస్తానని మా అసోసియేషన్ సెక్రటరీగారు అంటున్నారు. నిజమేనా? వచ్చేవాళ్లలో పిల్లలు, పెద్దవాళ్లు, పంతొమ్మిదేళ్ల మా చిన్నాన్న కొడుకు కూడా ఉంటారు. — ఒక పాఠకురాలు

జవాబు: మీ సెక్రటరీగారు చెప్పింది తప్పే. కానీ ఆయన చెప్పని విషయాల్లో మీకు ఇబ్బంది ఉంది.

మన దగ్గర మందు వ్యవహారమంతా తెలంగాణ ఎక్సైజ్ చట్టం, 1968 కిందికి వస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో చేసిన చట్టమే పేరు మారి కొనసాగుతోంది. మద్యం మీద చట్టాలు చేసే అధికారం రాజ్యాంగం రాష్ట్రాలకే ఇచ్చింది కాబట్టి గోవాలో నడిచేది ఇక్కడ నడవాలని లేదు. ఈ చట్టం ప్రకారం సారా కాయడానికి, మందు అమ్మడానికి, లెక్కకు మించి దగ్గర పెట్టుకోవడానికి, బయటి రాష్ట్రం నుంచి తేవడానికి లైసెన్సో పర్మిటో కావాలి. షాపులో కొన్న రమ్మును ఇంట్లో మిక్సీలో అనాస రసంతో తిప్పి, వచ్చిన చుట్టాలకు ఉచితంగా గ్లాసులో పోయడానికి అక్కర్లేదు. పెగ్గులో కూల్‌డ్రింక్ కలుపుకోవడానికీ దీనికీ చట్టం దృష్టిలో తేడా లేదు.

ఒక్క జాగ్రత్త. అనాస తొక్కలు, బెల్లం, నీళ్లు జాడీలో వేసి మూడు రోజులు పులియబెట్టే వీడియోలు ఈ మధ్య బాగా తిరుగుతున్నాయి. పీనా కొలాడాతో పాటు అది కూడా చేద్దామనుకుంటే మానేయండి. రుచి కోసం ఒక రోజు ఉంచితే పానకం, మత్తు కోసం పులియబెడితే మద్యం తయారీ. ఉన్న రమ్మును కలపడం వేరు, లేని మత్తును పుట్టించడం వేరు.

ఇక అసలు సమస్యకు వద్దాం. అది మీ తమ్ముడు తెచ్చే సీసాలు.

తెలంగాణలో ఒక మనిషి పర్మిట్ లేకుండా దగ్గర ఉంచుకోగలిగింది 750 ఎం.ఎల్. ఫుల్ బాటిళ్లు 6, అంటే నాలుగున్నర లీటర్లు. బీరైతే 650 ఎం.ఎల్. సీసాలు 12. నాలుగే కదా, ఆరు లోపే కదా అని మీ తమ్ముడు ధైర్యంగా ఉండి ఉంటాడు. ఆ ఆరు లెక్క ఇక్కడ సుంకం కట్టిన సరుకుకే. గోవా సీసా మీద తెలంగాణకు పైసా సుంకం రాలేదు. ఎక్సైజ్ వాళ్ల భాషలో దాని పేరు ఎన్‌డీపీఎల్, సుంకం కట్టని మద్యం. పర్మిట్ లేకుండా అది నాలుగైనా ఒకటైనా తప్పే. 34వ సెక్షన్ కింద కేసు, సీసాల జప్తు. కారులో తెస్తే కారు కూడా జప్తు చేయొచ్చు.

గుర్తుపట్టడం వాళ్లకు చిటికెలో పని. మీ ఇంట్లో ఖాళీ ఫుల్ బాటిల్ ఉంటే తీసి చూడండి. మన షాపులో కొన్న సీసాకు మూత మీదుగా మెడ దాకా హోలోగ్రామ్ లేబుల్ అతికించి ఉంటుంది. గోవా సీసాకు అది ఉండదు. పైగా లేబుల్ మీదే ‘ఫర్ సేల్ ఇన్ గోవా ఓన్లీ’ అని అచ్చు వేసి ఉంటుంది. ఇలాంటి కేసులో ఒక కుర్రాడి తరఫున నేను లాయరుగా హాజరయ్యాను. ఫ్రెండ్ పెళ్లికని గోవా రైల్లో సీసాలు తెస్తూ స్టేషన్‌లో దొరికాడు. ‘సార్, నేను డబ్బులు పెట్టి కొన్నాను, బిల్లు ఉంది’ అని నాతో పదిసార్లు అన్నాడు. ఆ బిల్లే అతను గోవాలో కొన్నాడనడానికి సాక్ష్యం. సీసాల మీద మిగుల్చుకున్న డబ్బు నా ఫీజుకే చాలలేదు.

విమానంలో వస్తే ఐదు లీటర్ల దాకా లగేజీలో పెట్టుకోవచ్చట కదా అని మీ తమ్ముడు అడుగుతాడు, అందరూ అడుగుతారు. అది విమాన భద్రతకు సంబంధించిన లెక్క. సీల్ తీయని సీసాలు, 24 నుంచి 70 శాతం ఆల్కహాల్ ఉన్నవి, మనిషికి 5 లీటర్ల దాకా ఎయిర్‌లైన్స్ ఒప్పుకుంటాయి. శంషాబాద్‌లో దిగాక ఎక్సైజ్ వాళ్లకు ఆ మాట చెప్తే నవ్వుతారు. విదేశాల నుంచి వచ్చేవాళ్లకు కస్టమ్స్ ఇచ్చే 2 లీటర్ల మినహాయింపు వేరే సంగతి. అమెరికా నుంచి వచ్చే చుట్టమెవరైనా డ్యూటీ ఫ్రీలో కొనితెస్తే ఆ బిల్లు పారేయకుండా ఉంచుకోమనండి.

కాబట్టి రమ్ము ఇక్కడే ఏ4 షాపులో, అంటే లైసెన్స్ ఉన్న వైన్ షాపులో కొనండి, బిల్లు తీసుకోండి. ఎంత కావాలో లెక్క వేద్దాం. గ్లాసుకు 60 ఎం.ఎల్., మనిషికి రెండు గ్లాసులు అనుకుంటే ముప్ఫై మందికి 3,600 ఎం.ఎల్. ఐదు ఫుల్ బాటిళ్లు సరిపోతాయి. ముప్ఫై మందిలో పిల్లలు, తాగనివాళ్లు పోగా నాలుగుతోనే అయిపోవచ్చు. ఆరు దాటే అవసరమే లేదు. వచ్చేవాళ్లు తలా ఒక సీసా చేత్తో పట్టుకొస్తే మాత్రం మీ టేబుల్ మీద పన్నెండు తేలతాయి. అప్పుడు అవి ఎవరివి అన్న ప్రశ్నకు ఇంటివాళ్లుగా మీరే జవాబు చెప్పాలి. గిఫ్టుగా మందు వద్దని ముందే మెసేజ్ పెట్టేయండి.

తలా ఐదొందల మాట నాకు అస్సలు నచ్చలేదు. నలుగురు స్నేహితులు ముందే డబ్బులు వేసుకుని ఒక సీసా కొనుక్కోవడం వేరు. ‘మనిషికి 500, అన్‌లిమిటెడ్ కాక్‌టెయిల్’ అని వాట్సాప్ గ్రూపులో క్యూఆర్ కోడ్ పెట్టడం వేరు. రెండోది ఫోన్‌లో చూసిన పోలీసుకు లైసెన్స్ లేని అమ్మకం లాగే కనిపిస్తుంది. మీ ఉద్దేశం అది కాదని తర్వాత కోర్టులో వాదించుకోవచ్చు. పెళ్లిరోజు దావత్‌కు ఆ తంటా దేనికి? డబ్బులు మీరే పెట్టండి, ఫ్రెండ్స్‌ను బిర్యానీ తెమ్మనండి. బార్‌టెండర్‌ను పిలిచినా ఇదే సూత్రం. అతనికి పనికి కూలీ ఇవ్వండి, సీసాలు మాత్రం మీవే ఉండాలి. మందు అతనే తెచ్చి గ్లాసు లెక్కన బిల్లు వేస్తే అది అమ్మకమే.

ఇక టెర్రస్. మీ ఫ్లాట్ మీ సొంతం, టెర్రస్ అందరిదీ. 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం అది ఉమ్మడి స్థలం, దాన్ని ఎలా వాడుకోవాలో చెప్పే హక్కు అసోసియేషన్‌కు ఉంది. ఇక్కడ మాత్రం సెక్రటరీగారి మాటకు బలం ఉంది. ఫంక్షన్ హాలు, ఫామ్‌హౌస్, క్లబ్‌హౌస్ లాంటి చోట మందు పోస్తే ఎక్సైజ్ శాఖ నుంచి ఆ రోజుకు ఈవెంట్ పర్మిట్ తీసుకోవాలి. ఫీజు కట్టాలి. టెర్రస్‌ను కూడా ఆ లెక్కలోకి లాగి గొడవ చేసేవాళ్లకు మీరెందుకు అవకాశం ఇవ్వాలి? భోజనాలు, కేకు టెర్రస్ మీద పెట్టుకోండి. దానికి అసోసియేషన్‌కు ఒక ఉత్తరం రాసి అనుమతి తీసుకోండి. మందు మీ హాల్లో, బాల్కనీలో ఉంచండి. ముప్ఫై మంది మూడు బెడ్‌రూముల ఫ్లాట్‌లో పట్టరంటారా, మా ఇంట్లో రెండు బెడ్‌రూముల్లో నలభై మందికి నోము చేసుకున్నాం.

పాటలు రాత్రి పది దాటాక ఇంట్లోవాళ్లకు మాత్రమే వినిపించాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆరుబయట స్పీకర్లు పెట్టకూడదు. నివాస ప్రాంతంలో రాత్రి పరిమితి 45 డెసిబెల్స్. నిజం చెప్పాలంటే నగరంలో ఇంటి దావత్‌లకు పోలీసులు వచ్చేది మందు వల్ల కాదు, సౌండ్ వల్ల. వచ్చాక టేబుల్ మీద సీసాలు చూస్తారు.

తేదీ కూడా చూసుకోండి. అక్టోబరు 2 లాంటి డ్రై డే నాడు మూసేది షాపులు, బార్లు. ముందు రోజు కొన్నది ఇంట్లో తాగితే తప్పు లేదు. ఎన్నికలప్పుడు మాత్రం కథ వేరు. ప్రజాప్రాతినిధ్య చట్టం 135సి సెక్షన్ ప్రకారం పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటలు ఆ ప్రాంతంలో మందు అమ్మడమే కాదు, ఇవ్వడం, పంచడం కూడా నిషేధం. ‘పబ్లిక్ అయినా ప్రైవేట్ అయినా’ ఏ చోటైనా సరే అని చట్టంలోనే ఉంది. అంటే మీ హాలు కూడా. శిక్ష ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు వేల దాకా జరిమానా, లేదా రెండూ.

పీనా కొలాడా గురించి మీకు నాకంటే బాగా తెలుసు. స్పానిష్‌లో ఆ పేరుకు అర్థం వడకట్టిన అనాస. ప్యూర్టో రికో వాళ్లు 1978లో దాన్ని తమ జాతీయ పానీయంగా ప్రకటించుకున్నారు. లాయరుగా నన్ను భయపెట్టేది దాని రుచి. కొబ్బరి పాలు, అనాస, ఐస్ కలిసేసరికి రమ్ము వాసన మాయమైపోతుంది. తెల్లగా, చల్లగా, పిల్లల మిల్క్‌షేక్ లాగే ఉంటుంది. ఒకటి రమ్ముతో, ఒకటి రమ్ము లేకుండా రెండు జగ్గులు ఫ్రిజ్‌లో పక్కపక్కన పెట్టారనుకోండి. పదకొండేళ్ల పిల్లాడు వచ్చి దగ్గరున్నది వంచుకుంటాడు. మీ అత్తగారు ‘అబ్బ, జ్యూస్ ఎంత బాగుందో’ అంటూ రెండో గ్లాసు అడుగుతారు.

పద్దెనిమిది నిండని పిల్లలకు మందు ఇస్తే జువెనైల్ జస్టిస్ చట్టం 77వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా కఠిన శిక్ష, లక్ష రూపాయల దాకా జరిమానా. పొరపాటున తాగడం వేరు, ఇవ్వడం వేరు. కానీ పిల్లాడిని ఆస్పత్రికి తీసుకెళ్లిన రాత్రి ఆ తేడా వివరించడం తేలిక కాదు. పెద్దవాళ్ల విషయంలో ‘ఊరికే సరదాకి’ చెప్పకుండా కలిపి తాగించేవాళ్లు ప్రతి గుంపులో ఒకరుంటారు. మీ దావత్‌లో ఆ మనిషెవరో మీకు ఇప్పటికే తెలిసి ఉంటుంది. హాని జరుగుతుందని తెలిసి కూడా మత్తు పదార్థం తాగిస్తే భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చింది) 123వ సెక్షన్ వర్తించొచ్చు. దానికి పదేళ్ల దాకా జైలు. షుగర్ మాత్రలు వేసుకునే మనిషికో, గర్భిణికో అలా పోస్తే సరదా అన్న మాట కోర్టులో నిలవదు. రమ్ము కలిపిన జగ్గు ఫ్రిజ్‌లో పెట్టనే వద్దు. అనాస, కొబ్బరి పాలు ముందే తిప్పి పెట్టుకోండి. రమ్ము మాత్రం అడిగినవాళ్ల గ్లాసులో, వాళ్ల కళ్ల ముందు, కొలిచి పోయండి. స్టీలు గ్లాసుల్లో జ్యూస్, గాజు గ్లాసుల్లో కాక్‌టెయిల్ అని పెట్టుకుంటే ఇంకా మంచిది.

మీ చిన్నాన్న కొడుకు చిన్నపిల్లాడు కాదు కాబట్టి 77వ సెక్షన్ రాదు. కానీ తెలంగాణలో మందుకు వయసు 21. షాపువాడు అమ్మకూడనివాడికి అక్కగా మీరు పోయడం నేను ఒప్పుకోను. అలిగితే అలగనివ్వండి.

చివరిగా కార్లు, బైకులు. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 ఎం.ఎల్. రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే నేరం. మన రమ్ము 42.8 శాతం. 60 ఎం.ఎల్.లో దాదాపు 20 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 65 కిలోల మగమనిషి ఒకే గ్లాసు తాగినా కాసేపు ఆ 30 దాటే అవకాశం ఉంది, ఆడవాళ్లకు ఇంకా త్వరగా. తియ్యగా ఉంది కదా, ఒక్కటే కదా అనుకుని తాళం తీసేవాళ్లే మన చెకింగుల్లో ఎక్కువ దొరికేది. మొదటిసారికి ఆరు నెలల దాకా జైలు, లేదా పదివేల దాకా జరిమానా, లేదా రెండూ. దానికి తోడు కుటుంబ సభ్యుడిని వెంటబెట్టుకుని కౌన్సెలింగ్‌లో కూర్చోవాలి. అదే చట్టంలో 188వ సెక్షన్ ఒకటుంది, ఇలా నడపడానికి ప్రోత్సహించినవాళ్లకూ అదే శిక్ష. మందు పోయడమే ప్రోత్సాహం కాదు. కానీ తూలుతున్న మనిషి చేతికి తాళం ఇచ్చి ‘ఏం కాదు, లోపలి రోడ్డు మీదుగా వెళ్లిపో, అక్కడ చెకింగ్ ఉండదు’ అని మీవారు అంటే ఆ మాట చాలు. వచ్చేటప్పుడే క్యాబ్‌లో రమ్మని చెప్పండి.

పోలీసులు వస్తే గొడవ పడకండి. బిల్లులు, సీసాలు చూపించండి. సీసాలు పట్టుకుంటే పంచనామా కాపీ అడగండి. సోదా, జప్తు వీడియో తీయాలని కొత్త భారతీయ నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చింది) 105వ సెక్షన్ చెబుతోంది, తీస్తున్నారా అని మర్యాదగా అడగొచ్చు.

మీ తమ్ముడికి మాత్రం ఈరోజే ఫోన్ చేయండి. సీసాలకు బదులు గోవా జీడిపప్పు తెమ్మనండి, ఎన్ని కిలోలైనా ఎవరూ ఆపరు. గోవా మందు ఫెనీ కూడా జీడిమామిడిదే కదక్కా అంటాడేమో, ఒప్పుకోకండి.