పరిహారం చేతికి రాకముందే దాని మీద అప్పా?

ప్రశ్న: రాయగడలో కుట్టుపని చేస్తాను. వయసు 38. నాలుగు నెలల క్రితం పార్వతీపురం నుంచి వస్తుంటే కొమరాడ దగ్గర లారీ ఢీకొని కుడి మోకాలు విరిగింది. రాయగడలోనే 12 లక్షలకు కేసు వేశాం. లారీ తరఫువాళ్లు నేనే అడ్డంగా వచ్చానంటున్నారు. డబ్బు వచ్చేలోపు నూటికి మూడు రూపాయల వడ్డీకి 3 లక్షలు తెచ్చి, ఇల్లు గడుపుకుంటూ రెండు కొత్త మిషన్లు కొందామనుకుంటున్నాను. పరిహారం వచ్చాక ఎక్కడ దాచుకోవాలి?

జవాబు: దాచుకోవడం సంగతి తర్వాత. ముందు ఆ అప్పు మానుకోండి. పిటిషన్‌లో రాసిన అంకెను రాబడిగా లెక్కేసుకుని అప్పుల్లో దిగినవారిని చాలామందిని చూశాను. అందుకే మీ ఉత్తరాన్ని పక్కన పెట్టలేకపోయాను.

మీరు అడిగింది క్లెయిమ్, ట్రిబ్యునల్ (ప్రమాద పరిహారం తేల్చే న్యాయస్థానం) ఇచ్చేది అవార్డు. మీ ఆదాయం నెలకు 15,000 అని రుజువైందనుకుందాం. ఏడాదికి 1,80,000. 2009లో సుప్రీంకోర్టు ఇచ్చిన సరళా వర్మ తీర్పు ప్రకారం మీ వయసుకు గుణకం 15, అంటే ఏడాది ఆదాయాన్ని 15తో హెచ్చిస్తారు: 27,00,000. సంపాదన శక్తి 20 శాతం తగ్గిందని తేలితే, అందులో 20 శాతం, 5,40,000 మీ నష్టం. ఇక ప్రమాదంలో మీ తప్పు కూడా నాలుగో వంతు ఉందని నిర్ణయిస్తే, అందులో నాలుగో వంతు పోయి 4,05,000 మిగులుతుంది. కాంట్రిబ్యూటరీ నెగ్లిజెన్స్ అని వకీళ్లు అనేది దీన్నే. వైద్య ఖర్చులు, నొప్పికి, బాధకు ఇచ్చే మొత్తం దీనికి కలుస్తాయి. కానీ బిల్లు లేని ఖర్చును నిరూపించడం కష్టం. అవార్డు వచ్చాక బీమా కంపెనీ హైకోర్టుకు వెళ్లవచ్చు. కొంత సొమ్మును బ్యాంకు డిపాజిట్‌లో ఉంచమని ట్రిబ్యునలే ఆదేశించవచ్చు.

అప్పు మాత్రం ఇవేవీ చూడదు. 3 లక్షలకు నెలకు 9,000 వడ్డీ. మూడేళ్లు సాగితే 3,24,000, అసలు కంటే ఎక్కువ. అసలు అలాగే ఉంటుంది. పరిహారం మీద వడ్డీ వస్తుందని మీకు ఎవరైనా చెప్పి ఉంటారు. నిజమే. అది సాధారణంగా ఏడాదికి 6 నుంచి 9 శాతం. మీరు కట్టబోయేది ఏడాదికి 36 శాతం! కాలు విరిగిన మనిషికి ఇంత వడ్డీకి అప్పిచ్చేవారిని చూస్తే నాకు కోపం వస్తుంది. మీరు దాన్ని పెట్టుబడి అనుకోవడం చూస్తే భయం వేస్తుంది.

అసలు లోటు ప్రమాదానికి ముందే ఉంది. ఇంటి ఖర్చు నెలకు 12,000 అయితే ఆరు నెలలకు 72,000. ఆ మొత్తం మీ ఖాతాలో ఉంటే ఈ నాలుగు నెలల్లో వడ్డీ వ్యాపారి గడప తొక్కే పని ఉండేది కాదు. కుట్టుపనికి సెలవు జీతం లేదు, పీఎఫ్ లేదు. కాబట్టి ఈ నిధి మీకు ఉద్యోగి కంటే ఎక్కువ అవసరం. పని మొదలైన రోజు నుంచే, జాకెట్టుకు పది రూపాయలైనా సరే, విడిగా ఒక ఖాతాలో వేయండి. పరిహారం వచ్చినా మొదటి 72,000 అందులోకే వెళ్లాలి. మిగతాది ఎక్కడ పెట్టాలో అప్పుడు రాయండి, చెబుతాను.

ఇప్పటికి రెండు మిషన్లు వద్దు. ఉన్న మిషన్‌కే మోటారు బిగిస్తే కొన్ని వేలతో పోతుంది, దాని పెడల్‌ను ఎడమ కాలితో నొక్కవచ్చు. ఆ బిల్లు జాగ్రత్త చేయండి. ఇంకా డబ్బు కావాలంటే చిన్న వ్యాపారాలకు బ్యాంకులు ఇచ్చే ముద్ర శిశు రుణం 50,000 వరకు ఉంది. ఇంట్లో నగ ఉంటే బ్యాంకులో కుదువ పెట్టడం కూడా ఈ అప్పు కంటే మేలే.

మరొకటి. వైకల్య ధ్రువపత్రంలోని శాతమే సంపాదన నష్టం కాదని సుప్రీంకోర్టు 2010లో రాజ్ కుమార్ కేసులో స్పష్టంగా చెప్పింది. అదే మోకాలు గుమాస్తాకు ఒక రకం, రోజంతా మిషన్ తొక్కే మీకు ఇంకో రకం. డాక్టరు సాక్ష్యం చెప్పేటప్పుడు కుడి కాలితో ఎంతసేపు తొక్కగలరో, మోకాలు ఎంతవరకు వంగుతుందో ఆయనతో చెప్పించమని మీ వకీలును అడగండి.