కాలవ చివరిదాకా నీ మాట చేరాలి

చిరంజీవి అల్లుడికి,

నిన్ను నీటి సంఘం అధ్యక్షుడిగా ఎన్నుకున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం అబ్బయ్యా. ఆ పని కొన్నేళ్ళు చేసినవాణ్ణి కాబట్టి, నారుమళ్ళు మొదలవకముందే నాలుగు మాటలు రాస్తున్నా.

1997 చట్టంతో నీటి సంఘాలు వచ్చాక వంతులు, పూడికతీతలు చూసుకోవడంలో రైతుకు చోటు దొరికింది. రూల్సన్నీ ఇరిగేషన్ ఇంజనీరు ఏఈ గారు చెబుతారు. నేను చెప్పేది జనంతో మాట్లాడటం గురించి. సోమశిల జలాశయంలో 78 టీఎంసీలు నిండిన ఏడాది అధ్యక్షుడికి పెద్దగా పనుండదు. ఎడగారుకు, అంటే రెండో పంటకు, నీళ్ళు చాలక ఆయకట్టు తగ్గించిన ఏడాదే తెలుస్తుంది, ఊరు నీ మాట ఎంత వింటుందో.

చెడ్డ కబురు ముందు నీ నోటితోనే చేరాలి. టీ అంగడి మీదుగా వెళ్ళిందంటే, చివరి తూముకు చేరేసరికి అది "మన నీళ్ళు పైవాళ్ళకు ఇచ్చేశాడు" అయిపోతుంది. వాట్సాప్ గ్రూపులో పెట్టి ఊరుకోకు. చివరి భూముల్లో చాలామంది కౌలు రైతులు. జాబితాలో పేరు ఆసామిది, గ్రూపులో ఉండేదీ ఆసామే. ఆయన నెల్లూరులోనో హైదరాబాదులోనో ఉంటాడు. ఎండే మడి దగ్గర నిలబడేది కౌలుదారు. ఆ మనిషి నంబరు నీ ఫోన్లో ఉండాలి.

వెళ్ళినప్పుడు "చూద్దాంలే, వస్తాయిలే" అనొద్దు. ఆ మాట నమ్మి టార్చిలైటు పట్టుకుని రాత్రంతా గట్టు మీద కాచుకునేవాళ్ళుంటారు. "బుధవారం రాత్రికి గానీ మీ తూముకు రావు, అవీ సగమే" అని ఉన్నదున్నట్టు చెప్పు. తిడతారు, తిట్టనీ. మధ్యలో అందుకోకు. కోపం తగ్గాక అసలు సంగతి బయటికొస్తుంది. షట్టరు తుప్పు పట్టి సగమే లేస్తోందనో, పిల్లకాలవకు గుర్రపుడెక్క అడ్డం పడిందనో చెబుతారు. ఇవి ఆఫీసు కాగితాల్లో దొరకవు. చిన్న పుస్తకంలో వాళ్ళ ఎదుటే రాసుకో. మళ్ళీ వెళ్ళినప్పుడు, పని కాకపోయినా సరే, ఆ షట్టరు సంగతి నువ్వే ముందు ఎత్తు.

మీటింగులో ఆడవాళ్ళు వెనక నిలబడితే పిలిచి ముందు కూర్చోబెట్టు. నాట్లు, కలుపు చూసేవాళ్ళకు ఏ మడి ఎప్పుడు ఎండుతుందో మనకంటే బాగా తెలుసు. మన జిల్లాలోనే, 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకుంటూ, ఇంటి కష్టాలు ఒకరికొకరు చెప్పుకుంటూ కదిలినవాళ్ళు వాళ్ళు. రోశమ్మ గారు వాళ్ళలో ఒకరిగానే ఉండి ముందు నడిచారు. మరుసటి ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా బందైంది.

పైతూము వాళ్ళతోనే నీకు టెన్షన్ ఎక్కువ, అందరూ మన చుట్టాలే కదా. రాత్రిపూట ఎవరైనా షట్టరు ఎత్తారని తెలిస్తే నలుగురిలో నిలదీయకు. పంతానికి పోతారు. పొద్దున్నే ఇంటికెళ్ళి విడిగా మాట్లాడు. వీలైతే చివరి మడి రైతును వెంటబెట్టుకుని వెళ్ళి, పైరు ఎలా ఉందో అతన్నే చెప్పనీ. మనిషిని ఎదురుగా చూశాక మళ్ళీ షట్టరు మీద చెయ్యి వెయ్యడం అంత తేలిక కాదు.

వచ్చే నెల ఊరికొస్తా. ఆలోపు కాలవ చివరిదాకా ఒకసారి నడిచి రా, ఆ పుస్తకం ముందు పెట్టుకుని కూర్చుందాం. అమ్మను అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
మీ మామయ్య