65 అంగుళాల టీవీ ఆరున్నరేళ్లు వాడాక: బొమ్మ సంగతి, రిపేరు సంగతి

మీరు అడిగినవి రెండు. 65 అంగుళాల టీవీలో బొమ్మ నిజంగా బాగుంటుందా అన్నది ఒకటి. అంత పెద్దవి మూడు నాలుగేళ్లకే పోతున్నాయంటున్నారు, నిజమేనా అన్నది రెండోది. రెండింటికీ నా దగ్గరున్న సాక్ష్యం ఒకే టీవీ, ఆరున్నరేళ్లుగా మా హాల్లో ఉన్నది. కంపెనీ పేరు చెప్పను. నేను పడ్డ తిప్పలు ఆ రకం టీవీలు ఎవరివైనా పెట్టేవే. మాది 4కె, 60 హెర్ట్జ్ (అంటే సెకనుకు 60 సార్లు బొమ్మ మార్చేది), వెనక ఎల్ఈడీ లైట్లున్న ఎల్‌సీడీ. చుక్కలే సొంతంగా వెలిగే ఓఎల్ఈడీ కాదు.

ముందే చెప్పేస్తాను. మా టీవీలో బొమ్మను చెడగొట్టిందీ, నాలుగో ఏట టీవీనే పడుకోబెట్టిందీ ఒకటే సెట్టింగు. పెట్టింది కంపెనీ, మార్చకుండా ఏళ్లకేళ్లు వదిలేసింది నేను.

కొన్నరోజు ఇంటిల్లిపాదీ కూర్చుని మామూలు చానల్ పెట్టాం. మొహాలు మైనం ముద్దల్లా ఉన్నాయి. షాపులో అంత మెరిసిపోయిన టీవీ ఇదేనా అనిపించింది. పాత 32 అంగుళాల దానిలోనే బాగుండేది కదా అని మా ఆవిడ అనేసింది కూడా. ఆమె అన్నది తప్పేం కాదు. హెచ్‌డీ కాని చానల్లో వచ్చే బొమ్మ మహా అయితే 720 గుణించి 576, అంటే 4,14,720 చుక్కలు. 4కె తెర మీద ఉన్నవి 82,94,400. సరిగ్గా ఇరవై రెట్లు. అంటే ప్రతి ఇరవై చుక్కల్లో ఒకదానికే అసలు సమాచారం ఉంటుంది, మిగతా పంతొమ్మిదీ టీవీ లోపలి చిప్ ఊహించి నింపుతుంది. చిన్న తెర మీద ఆ ఊహ తెలియదు, పెద్ద తెర దాన్ని భూతద్దంలో పెట్టి చూపిస్తుంది. అదే టీవీలో మంచి 4కె వీడియో పెడితే చొక్కా నేత కూడా కనిపించింది. కాబట్టి మీరు ఎక్కువగా చూసేది ఏమిటన్నది ముందు తేల్చుకోండి. రోజంతా మామూలు చానళ్లే అయితే పెద్ద తెర మీకు కొంత నిరాశే మిగులుస్తుంది.

కూర్చునే దూరం కూడా లెక్కలోకి వస్తుంది. 65 అంగుళాల తెర వెడల్పు దాదాపు 144 సెంటీమీటర్లు, అందులో ఒక్కో చుక్క 0.37 మిల్లీమీటర్లు. చూపు బాగున్న మనిషికి కూడా తొమ్మిదడుగులు దాటితే ఫుల్ హెచ్‌డీకీ (4కెలో నాలుగో వంతు చుక్కలున్నది) 4కెకీ తేడా పట్టడం కష్టం. మా సోఫా పదకొండు అడుగుల దూరంలో ఉండేది. దాన్ని ఎనిమిదిన్నరకు జరిపాక సినిమాలు మరో రకంగా కనిపించాయి. చానళ్లు మాత్రం ఇంకాస్త మసకగా కనిపించాయనుకోండి.

ఇప్పుడు సెట్టింగు సంగతి. చాలా టీవీలు షాపు వెలుతురులో పక్క టీవీని ఓడించేలా తయారై వస్తాయి. వివిడ్ అనో డైనమిక్ అనో ఆ మోడ్‌కి పేరుంటుంది. బ్యాక్‌లైట్, అంటే వెనక లైట్ల వెలుగు, 100లో, రంగులు మితిమీరి, తెలుపు నీలం వైపు తిరిగి ఉంటాయి. ఇంట్లో రాత్రిపూట అదే మోడ్‌లో చూస్తే గడ్డి ప్లాస్టిక్‌లా, మొహాలు రంగు పూసుకున్నట్టు కనిపిస్తాయి, అరగంటకల్లా కళ్లు మండుతాయి. నేను చేసిన పొరపాటు ఏమిటంటే, ఆ మోడ్‌లోనే ఉంచి రంగులు కొంచెం అటూ ఇటూ చేసి ఇక ఇంతేలే అనుకోవడం. సినిమా మోడ్ ఒకసారి పెట్టి చూశాను గానీ, ఇదేమిటి కామెర్లొచ్చినట్టుంది అని రెండు నిమిషాల్లో తీసేశాను. అప్పటిదాకా నీలి తెలుపుకి అలవాటుపడ్డ కళ్లకి అసలు తెలుపు పచ్చగానే కనిపిస్తుంది. సినిమాలకు రంగులు దిద్దేవాళ్లు వాడే తెలుపు దాదాపు 6500 కెల్విన్ (తెలుపు ఎంత నీలంగా, ఎంత పచ్చగా ఉందో చెప్పే కొలత), టీవీల్లో వార్మ్ అని ఉండే సెట్టింగు దానికి దగ్గర. రెండు మూడు రోజులు ఓపిక పడితే కళ్లు సర్దుకుంటాయి. ఆ తర్వాత పాత మోడ్‌కి వెళితే అదే వికారంగా ఉంటుంది.

ఇంకోటి, కదలికను నునుపు చేసే సెట్టింగు. మా నాన్నగారు ఒకరోజు పాత సినిమా చూస్తూ, ఇదేమిట్రా షూటింగ్ జరుగుతుంటే పక్కన నిలబడి చూస్తున్నట్టుంది అన్నారు. అంత బాగా నేను చెప్పలేను. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. టీవీ మధ్యలో తన సొంత ఫ్రేములు తయారుచేసి ఇరికిస్తుంది, దాంతో సినిమా కాస్తా సీరియల్ అవుతుంది. పూర్తిగా ఆపితే ఇంకో తంటా: 24 ఫ్రేములు 60లో సమంగా సర్దుకోవు, ఒక ఫ్రేము రెండుసార్లు, తర్వాతది మూడుసార్లు చూపించాలి. కెమెరా మెల్లగా పక్కకు తిరిగేటప్పుడు చిన్న కుదుపు కనిపించేది అందుకే. 120 హెర్ట్జ్ ప్యానెల్‌లో (బొమ్మ చూపించే అసలు తెరని అలా అంటారు) ప్రతి ఫ్రేమూ ఐదేసి సార్లు వస్తుంది, ఆ గొడవ ఉండదు. మేము సినిమాలకు ఆపి, ఆటలకు కొద్దిగా పెట్టుకుంటాం, బంతి వెనక తోక కొంత తగ్గుతుంది.

హెచ్‌డిఆర్, అంటే వెలుగు చీకట్ల తేడాను ఎక్కువగా చూపించే వీడియో, అనే మాట చూసి మాత్రం మోసపోకండి. నేను పడ్డాను. డబ్బా మీద ఆ గుర్తు ఉందంటే టీవీ ఆ సిగ్నల్ తీసుకుంటుందని అర్థం, దాన్ని సరిగ్గా చూపించగలదని కాదు. హెచ్‌డిఆర్ సినిమాలు చాలావరకు 1000 నిట్ల (తెర వెలుగును కొలిచే లెక్క) వెలుగును దృష్టిలో పెట్టుకుని తయారవుతాయి. మాది 300 నిట్లు దాటితే గొప్ప. పైగా వెనక లైట్లన్నీ ఒకేసారి వెలిగేవి, తెరలో చీకటి ఉన్నచోట మాత్రమే తగ్గే ఏర్పాటు లేదు. దాంతో రాత్రి సీన్లలో నలుపు బదులు బూడిద రంగు. హెచ్‌డిఆర్ వీడియో మొదలవగానే టీవీ తనంతట తనే బ్యాక్‌లైట్‌ని 100కి తీసుకుపోతుంది, అది గమనించండి, ఈ వంద సంగతి రిపేరు కథలో మళ్లీ వస్తుంది. ఆ ఏర్పాటు పేరు లోకల్ డిమ్మింగ్. నలుపు సంగతి పట్టించుకునేవాళ్లు అది ఉందా, ఉంటే తెర ఎన్ని భాగాలుగా వెలుగుతుంది అని అడగండి. అది తెలియకుండా హెచ్‌డిఆర్ గురించి మాట్లాడటం దండగ. ప్యానెల్ రకం కూడా అడగండి: వీఏ అయితే ఎదురుగా నలుపు బాగుంటుంది, పక్కనుంచి చూస్తే వెలిసిపోతుంది. ఐపీఎస్ అయితే దానికి తిరగేసి. మా హాల్లో ఓ కుర్చీ ఎప్పుడూ మూలనే ఉంటుంది, ఆ కుర్చీవాళ్లు మొదటినుంచీ మా వీఏ తెరని తిడుతూనే ఉన్నారు.

ఇక రిపేరు కథ. మొదటి మూడేళ్లు ఏ ఇబ్బందీ లేదు. తర్వాత తెల్లటి సీన్లలో, కుడివైపు, రూపాయి బిళ్లంత తెల్లటి మచ్చ ఒకటి కనిపించింది. రెండు నెలలకు మరొకటి. తెర మీద మరక అనుకుని తుడిచాం కూడా. అసలు సంగతి తర్వాత తెలిసింది. ఈ రకం టీవీల్లో వెనక ఉన్న ప్రతి ఎల్ఈడీ మీదా వెలుగును పరిచే చిన్న ప్లాస్టిక్ లెన్సు అతికించి ఉంటుంది. వేడికి జిగురు ఎండిపోయి లెన్సు ఊడిపడితే ఆ ఎల్ఈడీ వెలుగు ఒకేచోట పొడుస్తుంది. అది మొదటి హెచ్చరిక. నేను వినలేదు.

నాలుగో ఏట ఒక సాయంత్రం టీవీ వేస్తే మాటలు వినిపిస్తున్నాయి, బొమ్మ లేదు. కంపెనీ సర్వీసు మనిషి వచ్చి రెండు నిమిషాలు చూసి, ప్యానెల్ మొత్తం మార్చాలి, దాని బదులు కొత్త టీవీ కొనుక్కోవడం మేలు అని చెప్పి వెళ్లిపోయాడు. వారంటీ ఎప్పుడో అయిపోయింది. నేను దాదాపు ఒప్పేసుకున్నాను. ఇలాంటివే విప్పి బాగుచేసే ఒక మెకానిక్‌ని మా బావమరిది తీసుకొచ్చాడు. ఆయన లైట్లన్నీ ఆపించి, టీవీ ఆన్ చేసి, తెరకి దగ్గరగా టార్చి వేశాడు. ఆ వెలుగులో మసగ్గా బొమ్మ కదులుతూ కనిపించింది. ప్యానెల్‌కి ఏమీ కాలేదండీ, వెనక లైట్లు పోయాయంతే అన్నాడు. మీ టీవీకి ఎప్పుడైనా ఇలా అయితే, ఎవరి మాటైనా నమ్మేముందు ఈ టార్చి పరీక్ష మీరే చేసుకోండి.

ఎల్ఈడీలు స్ట్రిప్పుల మీద వరసగా ఉంటాయి, పాతకాలపు పండగ సీరియల్ బల్బుల్లాగే. ఒక్కటి తెగితే ఆ వరసంతా పోతుంది. అది గమనించి బోర్డు రక్షణ కోసం మొత్తం లైట్లు ఆపేస్తుంది. అంటే గోరంత ఎల్ఈడీ ఒక్కటి పోయినా మంచం అంత టీవీ చీకటి. మెకానిక్ పోయిన ఒక్కదాన్నే కాకుండా స్ట్రిప్పులన్నీ మార్చాడు. మిగతావీ అంతే వేడిలో అంతే కాలం ఉడికినవి, మరో ఆర్నెల్లలో మళ్లీ పిలుస్తారు అన్నాడు. ఇది చూడటానికి తేలికే గానీ, తెర గాజు తీసేటప్పుడు ఇద్దరు మనుషులు, వాక్యూమ్ కప్పులు, ఊపిరి బిగబట్టడం అన్నీ కావాలి. రేకులాంటి పల్చటి గాజు, కొంచెం వంగినా చిట్లుతుంది. చెయ్యి తిరిగినవాళ్లకి తప్ప ఇవ్వకండి, సొంతంగా అసలు ప్రయత్నించకండి.

బిగించాక ఆయన అడిగిన ప్రశ్న: బ్యాక్‌లైట్ ఎంతలో పెట్టుకున్నారు? వందలో, అన్నాను. తల అడ్డంగా ఊపాడు. ఎల్ఈడీని చంపేది వేడి. పూర్తి కరెంటులో రోజుకు ఏడెనిమిది గంటలు, పైగా గోడకి ఆనించి, గాలి ఆడకుండా. తను బోర్డు మీద చిన్న మార్పు చేసి స్ట్రిప్పులకి వెళ్లే కరెంటు కొంచెం తగ్గించాడు, మెనూలో బ్యాక్‌లైట్ 45కి దించాడు. నేను నాలుగేళ్లుగా పడేసుకున్న సినిమా మోడ్ పెట్టి ఇదే ఉంచండి అన్నాడు. ఆ మోడ్‌లో బ్యాక్‌లైట్ తక్కువే ఉంటుంది. అంటే మంచి బొమ్మా, తక్కువ వేడీ ఒకే బటన్ వెనక ఉన్నాయి. కొన్నరోజే అది నొక్కి ఉంటే ఆ స్ట్రిప్పులు ఇంకా కొన్నేళ్లు బతికేవేమో.

ఇక్కడో తికమక. చాలా టీవీల మెనూలో బ్రైట్‌నెస్ అని వేరే ఉంటుంది, అది బ్యాక్‌లైట్ కాదు, నలుపు ఎంత నల్లగా ఉండాలో చెప్పేది. అది తగ్గిస్తే చీకటి సీన్లలో వివరాలు పోతాయి, వేడి మాత్రం తగ్గదు. కొన్ని కొత్త మోడళ్లలో ఈ పేర్లు తారుమారయ్యాయి కూడా. మార్చి చూడండి, తెర మొత్తం వెలుగు తగ్గితే అదే మీకు కావలసింది.

బ్యాక్‌లైట్ కాకుండా మరో పెద్ద జబ్బు నిలువు గీతలు, లేదా సగం తెర మసకబారడం. ఇది మా బావమరిది ఇంట్లోనే చూశాను. తెర మీదే నేరుగా క్లీనర్ స్ప్రే కొట్టి తుడిచేవాళ్లు. ఆ తడి జారి కింది అంచు లోపలికి దిగితే అక్కడ గాజుకి అతికించి ఉండే సన్నటి రిబ్బన్లు పాడవుతాయి. చాలాసార్లు దానికి రిపేరు గిట్టుబాటు కాదు, టీవీ పోయినట్టే. పొడి మెత్తటి గుడ్డ చాలు, మరీ మరక పడితే గుడ్డని కొంచెం తడిపి పిండండి.

లోపలి సాఫ్ట్‌వేరు రెండో ఏటికే నత్తనడక అయింది. దానికి పెద్ద బాధపడలేదు, బయట ఆప్‌లు నడిపే స్టిక్ ఒకటి పెట్టుకున్నాం, టీవీ ఇప్పుడు ఒట్టి తెర. కాబట్టి ఆప్‌లు ఎన్ని ఉన్నాయన్నది చూసి టీవీ ఎంచుకోకండి. ఉరుములు మొదలవకముందే ప్లగ్‌తో పాటు డిష్ కేబుల్ కూడా పీకండి, పిడుగు ఆ దారిన కూడా వస్తుంది. ఓఎల్ఈడీ కొనే ఆలోచన ఉంటే లెక్క మారుతుంది. నలుపు అద్భుతం, బ్యాక్‌లైటే లేదు కాబట్టి నా కథ దానికి వర్తించదు. కానీ ఒకే వార్తా చానల్ రోజంతా నడిచే ఇంట్లో దాని లోగో తెరమీద అచ్చుపడిపోయే ప్రమాదం ఉంది. ఆపాక గోడ స్విచ్ కూడా ఆపేసే అలవాటు దానికి పనికిరాదు, స్టాండ్‌బైలో ఉన్నప్పుడే అది తన చుక్కల్ని సరిచేసుకుంటుంది.

టీవీ ఇంటికొచ్చినప్పుడు డబ్బా నిలువుగానే ఉంచమనండి, తెచ్చినవాళ్లు వెళ్లకముందే ఆన్ చేసి చూడండి. పగిలిన తెర వారంటీలోకి రాదు. తెరంతా ఒకే బూడిద రంగు చూపించే వీడియో ఒకటి వేస్తే మచ్చలూ చారలూ ఏమైనా ఉంటే బయటపడతాయి. కొంచెం నీడలు ఏ పెద్ద ఎల్‌సీడీలోనైనా ఉంటాయి, వాటికోసం వెతుక్కుంటూ కూర్చుంటే మాత్రం మనశ్శాంతి ఉండదు.

మళ్లీ కొంటే 65 కొంటారా అంటే కొంటాను. మీరు కూర్చునేది ఎనిమిది తొమ్మిది అడుగుల్లో అయితే మీరూ కొనండి, సైజు పెంచే బదులు ఆ డబ్బు లోకల్ డిమ్మింగ్ మీద పెట్టండి. మాది రిపేరయ్యి రెండున్నరేళ్లు, ఇంతవరకు కొత్త తెల్లమచ్చ లేదు. విప్పినప్పుడు లోపల చిక్కుకున్న దుమ్ము రేణువు ఒకటి కింద ఎడమ మూలన నల్లచుక్కలా కనిపిస్తుంది. మొదటి నెలంతా నా కళ్లు దానిమీదే ఉండేవి. ఇప్పుడు వెతికితే గానీ దొరకదు. మా అమ్మాయికి మాత్రం ఇంకా కనిపిస్తూనే ఉందట.