ముందు రాత్రి రెండు గంటల లోడ్ చూడండి

మీరు అడిగింది ఇదీ: 150 పడకల ఆసుపత్రి, కరెంటు బిల్లు మోయలేకపోతున్నారు. బీఎంఎస్ (భవనంలోని ఏసీల్లాంటి యంత్రాలను నడిపిస్తూ గమనించే కంప్యూటర్ వ్యవస్థ) డేటాను విశ్లేషించి ఖర్చు తగ్గిస్తామని ఒక కంపెనీ ఏడాది చందాతో సాఫ్ట్‌వేర్ ఇస్తానంటోంది, తీసుకోవచ్చా అని. తీసుకోవచ్చు, కానీ ఇప్పుడే వద్దు. హైదరాబాద్‌లో మీ కంటే కాస్త పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో కొన్నేళ్లు మెయింటెనెన్స్ చూశాను. అలాంటి సాఫ్ట్‌వేర్ మేమూ కొన్నాం. అది రాకముందు ఎక్సెల్‌లో చేసుకున్న పనే మాకు ఎక్కువ డబ్బు మిగిల్చింది.

మీది హెచ్‌టీ (హై టెన్షన్, పెద్ద వినియోగదారులకు ఇచ్చే) కనెక్షనే అయి ఉంటుంది. ఆ మీటర్ లోపల లోడ్ సర్వే అని ఒకటి నమోదవుతూ ఉంటుంది, ఏ వేళకు ఎంత లోడ్ నడిచిందో అందులో తెలుస్తుంది. డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) వాళ్లకు ఒక లెటర్ పెట్టి ఆ ఫైలు తెచ్చుకున్నాం. నెలలో ముప్పై రోజుల గీతలనూ ఒకదాని మీద ఒకటి వేసి చూస్తే చాలు, మొదటి రోజే సగం కథ తెలిసిపోతుంది.

మాకు తెలిసిందేమిటంటే, రాత్రి 2 గంటలకు నడుస్తున్న లోడ్ పగటి లోడ్‌లో దాదాపు మూడింట రెండు వంతులు! ఓపీ మూసేశారు, ఆఫీసులకు తాళాలు, క్యాంటీన్ లేదు. ఐసీయూ, వార్డులు, ఎమర్జెన్సీ, బ్లడ్ బ్యాంక్ ఫ్రిజ్‌లు, ఎంఆర్‌ఐ చల్లబరిచే యంత్రం రాత్రీ పగలూ నడవాల్సిందే. అవన్నీ కూడినా లెక్క తేలలేదు.

ఒక రాత్రి క్లాంప్ మీటర్ (తీగ చుట్టూ పెట్టి కరెంటు కొలిచేది) పట్టుకుని, ప్లాంట్ ఆపరేటర్‌ని వెంటేసుకుని ప్యానెళ్లన్నీ తిరిగాను. ఓపీ బ్లాక్ ఏహెచ్‌యూలు (చల్లగాలిని గదులకు తోలే పెద్ద ఫ్యాన్ యూనిట్లు) హాయిగా తిరుగుతున్నాయి. బీఎంఎస్ తెర మీద మాత్రం రాత్రి 8 నుంచి ‘ఆఫ్’ అని ఉంది. ఆ తెర చూపించేది తాను ఇచ్చిన కమాండ్‌ను, మోటారు నిజంగా ఆగిందా లేదా అన్నది కాదు. ప్యానెల్ మీద స్విచ్ ఆటోలో కాకుండా హ్యాండ్‌లో ఉంది, అంటే బీఎంఎస్ చెప్పినా ఆగదు. ఎందుకని అడిగితే ఆపరేటర్ చెప్పాడు: “ఒకసారి పొద్దున షెడ్యూల్ పట్టలేదు సార్, ఓపీలో ఉక్కపోత, డాక్టర్ గారు అందరి ముందు కేకలేశారు. ఆ రోజు హ్యాండ్‌లో పెట్టాను.” ఆ రోజు గడిచి రెండేళ్లయింది. అతని తప్పని నేననను. తిట్లు తినేది అతను, బిల్లు కట్టేది ఇంకొకరు.

అందుకే ఏ కంపెనీ వచ్చినా నేను మొదట అడిగేది: మీరు చూసేది కమాండ్‌నా, రన్ స్టేటస్‌నా? మోటారు తీసుకుంటున్న కరెంటు నుంచి వచ్చే స్టేటస్ అయితే ఇంకా మంచిది.

ఇక ఆపరేషన్ థియేటర్లు. అసలు డబ్బు అక్కడుంది, భయమూ అక్కడే ఉంది. ఎన్‌ఏబీహెచ్ (ఆసుపత్రుల నాణ్యతకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) మార్గదర్శకాల ప్రకారం ఓటీలో గంటకు కనీసం 20 సార్లు గాలి మారాలి, అందులో 4 సార్లు బయటి తాజా గాలి. రాత్రి సర్జరీలు లేకపోయినా బ్లోయర్ ఆపకూడదు. కానీ అదే మార్గదర్శకాల్లో, వాడని వేళల్లో వీఎఫ్‌డీతో (మోటారు వేగాన్ని తగ్గించే, పెంచే పరికరం) గాలి మార్పిడిని 25 శాతానికి తగ్గించుకోవచ్చని, పాజిటివ్ ప్రెషర్ (బయటి గాలి లోపలికి రాకుండా గదిలో ఉంచే కాస్త ఎక్కువ ఒత్తిడి) మాత్రం చెడకూడదని ఉంది. ఈ వెసులుబాటు చాలామంది వాడుకోరు. ఫ్యాన్ వేగం సగం చేస్తే కరెంటు సగం కాదు, సిద్ధాంతం ప్రకారం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఆచరణలో అంత రాదు గానీ, వచ్చేది మాత్రం తక్కువేం కాదు.

మేం 25 దాకా వెళ్లే ధైర్యం చేయలేదు. ముందు మైక్రోబయాలజీ మేడమ్ దగ్గర కూర్చున్నాం. ఆవిడ పెట్టిన షరతులు గట్టివే. ఎమర్జెన్సీ ఓటీ జోలికి వెళ్లొద్దు, ప్రతి ఓటీ ప్రెషర్ రాత్రంతా రికార్డు కావాలి, సిస్టర్ చేతికందేలా పూర్తి వేగం స్విచ్ ఉండాలి, మొదటి కేసుకు చాలా ముందే గాలి మామూలు స్థాయికి రావాలి. మొదటి రాత్రే ఒక ఓటీలో ప్రెషర్ పడిపోయింది. చూస్తే తలుపు కింద రబ్బరు సీలు ఊడిపోయి ఉంది. పగలు ఫుల్ స్పీడులో ఆ లోపం బయటపడలేదు. సీలు మార్చాక గానీ మళ్లీ వేగం తగ్గించలేదు. ఐసోలేషన్ గదుల నెగెటివ్ ప్రెషర్‌ను (లోపలి గాలి బయటికి పోకుండా ఉంచే తక్కువ ఒత్తిడి) అయితే మేం అసలు ముట్టుకోలేదు. మీరూ ముట్టుకోకండి.

చిల్లర్ (ఏహెచ్‌యూలకు చల్లటి నీళ్లు పంపే యంత్రం) దగ్గర మరో పాఠం. మా ప్లాంట్ డిజైన్ ప్రకారం నీళ్లు 7 డిగ్రీలతో వెళ్లి 12తో తిరిగి రావాలి. మాకు 9, 10తోనే వచ్చేస్తున్నాయి, అంటే అదే చల్లదనానికి రెట్టింపు నీళ్లు తోడుతున్నామన్నమాట. ఎక్కడో ఏహెచ్‌యూల్లోకి ఈ నీళ్లు వదిలే వాల్వులు మూసుకోవడం లేదు. బీఎంఎస్ ట్రెండ్స్‌లో వాల్వ్ కమాండ్ సున్నా ఉన్న వేళలు మాత్రం ఏరి, అప్పుడు సప్లై గాలి ఎంత చల్లగా ఉందో చూశాం. వాల్వ్ మూశాక కూడా గాలి చల్లగానే వస్తుంటే అది లీకవుతున్నట్టే. అలా మూడు ఏహెచ్‌యూలు దొరికాయి.

అంతకంటే ముందు జరిగింది చెప్పాలి, నవ్వొస్తుంది. ఒకే పైపు మీద ఉన్న రెండు సెన్సర్లు డిగ్రీన్నర తేడా చూపించాయి! మొత్తం తేడాయే 5 డిగ్రీలు ఉండాల్సిన చోట డిగ్రీన్నర తప్పంటే లెక్కలో 30 శాతం తప్పు. ఆ సంఖ్యల మీద ఎంత గొప్ప సాఫ్ట్‌వేర్ పెట్టినా ఏం లాభం? సెన్సర్లు ఊడదీసి, కరుగుతున్న ఐసు నీళ్లలో ముంచి, సున్నాకి దగ్గరగా ఎవరు చెబుతున్నారో చూశాం. క్యాంటీన్ ఐసుతోనే పనైపోయింది.

డిమాండ్ ఛార్జీల (నెలలో నమోదైన గరిష్ఠ లోడ్‌ను బట్టి పడేవి) సంగతి రెండు ముక్కల్లో. పొద్దున్నే అన్ని ఏహెచ్‌యూలూ, రెండో చిల్లరూ ఒకేసారి లేచేవి, నెల మొత్తానికి గరిష్ఠ డిమాండ్ అప్పుడే నమోదయ్యేది. పది పది నిమిషాల ఎడంతో మొదలుపెట్టించాం. గరిష్ఠం తగ్గినా, కాంట్రాక్ట్ డిమాండ్‌లో (డిస్కంతో ముందే ఒప్పుకున్న గరిష్ఠ లోడ్) 80 శాతానికి ఛార్జీ ఎలాగూ పడుతుందని మరిచిపోకండి. కొన్ని నెలలు నిలకడగా తగ్గితేనే కాంట్రాక్ట్ తగ్గించుకోమని అడగండి.

సాఫ్ట్‌వేర్ వచ్చాక మొదట్లో అలారాల వాన కురిసింది. మేం సరిచేయని సెన్సర్లవే ఎక్కువ. ఆపరేటర్లు విసిగి సౌండ్ తీసేశారు. మేనేజ్‌మెంట్ ముచ్చటపడి లాబీలో పెద్ద టీవీ పెట్టించింది, అందులో చాలా రోజులు ‘కనెక్షన్ లేదు’ అనే కనిపించింది. తర్వాత కుదుటపడి, వాల్వులు మళ్లీ లీకైతే నెల ఆఖరుదాకా ఆగకుండా పట్టించింది, అది ఒప్పుకోవాలి. మీరు కొనేటప్పుడు డేటా మీదేనని, చందా ఆపినా ఫైళ్లు మీకే ఇస్తారని రాయించుకోండి. పొదుపు లెక్క కూడా ఒప్పందంలోనే తేల్చుకోండి. మే నెల బిల్లు పక్కన డిసెంబరు బిల్లు పెట్టి “చూశారా తగ్గింది” అనేవాళ్లుంటారు. ఉష్ణోగ్రత, పడకల ఆక్యుపెన్సీ దగ్గరగా ఉన్న రోజులతోనే పోల్చాలి.

ఇప్పుడు మా ప్యానెల్ రూములో ఒక రిజిస్టర్ ఉంది. హ్యాండ్‌లో పెట్టినవాళ్లు టైమూ కారణమూ రాయాలి, షిఫ్ట్ మారేటప్పుడు చదివి ఆటోలోకి తేవాలి. మీరు లోడ్ సర్వే గ్రాఫ్ గీశాక రాత్రి 2 గంటల లోడ్ పగటిలో ఎన్నో వంతుందో చెప్పండి, ముందు ఏ ప్యానెల్ తెరవాలో మాట్లాడుకుందాం.